బాత్‌షీబా సూప్ బౌల్ (బార్బడోస్): ఎప్పుడు వెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఎప్పుడు ఒడ్డునే ఉండాలి

సంచీసర్దు
నవంబర్ రెండో వారం, బార్బడోస్, నలుగురు మనుషులు. ఒకరికి సర్ఫింగ్ వచ్చు: విరగని అల మీద లేచి పక్కకి నడపగలరు, కానీ ఇసుక అడుగున్న తీరాలే అలవాటు, రీఫ్ (నీటి అడుగున రాతి గట్టు) మీద ఎప్పుడూ దిగలేదు. మిగతా ముగ్గురిలో ఇద్దరికి ఈత రాదు. తూర్పు తీరానికి ఒక్క రోజే కేటాయించగలం. అక్కడి బాత్‌షీబా తీరంలో సర్ఫర్లు దిగే సూప్ బౌల్‌లో దిగొచ్చా? ఈత రానివాళ్ళు అక్కడ ఏం చెయ్యాలి? బోర్డు ఇక్కణ్ణుంచి మోసుకెళ్ళాలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

చెలియలికట్ట
ముందు ఈత రానివాళ్ళ సంగతి చూద్దాం, అడిగేవాళ్ళు ఎప్పుడూ దీన్ని ఆఖర్న పెడతారు కాబట్టి.

బాత్‌షీబా ఈత కొట్టే తీరం కాదు. కరీబియన్ దీవుల వరసకి కాస్త తూర్పుగా, విడిగా ఉంటుంది బార్బడోస్. దాని తూర్పు ఒడ్డుకీ ఆఫ్రికాకీ మధ్య దాదాపు 4,500 కిలోమీటర్లు ఒట్టి అట్లాంటిక్, అడ్డం ఒక్క దీవి లేదు. ఫోటోల్లో కనిపించే నీలం, నిలకడ నీళ్ళు పడమటి ఒడ్డువి. ఇక్కడ మోకాలి లోతులో నిలబడ్డా వెనక్కి వెళ్ళే నీరు కాళ్ళకింద ఇసుకని తవ్వేస్తుంది, ఆ తర్వాతి అల మనిషిని పడగొడుతుంది, మూడోది లాక్కుపోతుంది. బేజన్లకి, అంటే బార్బడోస్ వాళ్ళకి, ఒక సామెత ఉంది, మన మాటల్లో చెప్పాలంటే సముద్రానికి దొడ్డిగుమ్మం లేదని.

అలాగని ఇద్దరూ కారులో కూర్చోనక్కర్లేదు. బాత్‌షీబా పార్కు ముందు రాళ్ళ మధ్య సహజంగా ఏర్పడిన మడుగులున్నాయి, బాత్‌షీబా పూల్స్ అంటారు. ఆటు సమయంలో, అంటే సముద్రం బాగా వెనక్కి తగ్గినప్పుడు, బయటి రాళ్ళు తేలి అలల్ని ఆపుతాయి, లోపల నడుం లోతు వరకూ నీళ్ళు నిలుస్తాయి. ఆటుకి గంటన్నర ముందు వెళ్ళి, ఆటు దాటిన గంటకల్లా బయటికి వచ్చెయ్యాలి. అక్కడ ఆటుపోట్ల తేడా మీటరు కూడా ఉండదు కదా, ఏమవుతుందిలే అనుకోవద్దు. ఆ కాస్త పెరిగితేనే అలలు అంచు రాళ్ళమీంచి దూకి మడుగులోకి పడతాయి, తిరిగి వెళ్ళేటప్పుడు రాళ్ళ సందుల్లోంచి గట్టిగా లాగుతాయి. సముద్రానికి వీపు పెట్టి కూర్చోకూడదు. బయటి అంచు రాయెక్కి ఫోటో అసలే వద్దు, నాచు సబ్బులా జారుతుంది. రబ్బరు అడుగున్న నీటి చెప్పులు తప్పనిసరి.

ఆటు రోజుకి సుమారు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. ఏ రోజు వెళ్ళాలో ముందు పట్టిక చూసి నిర్ణయించుకోండి, బుకింగులు తర్వాత.

పడమటిగాలి
సర్ఫింగ్ చేసే ఆయనకి నా మాట ఒక్కటే: అలల అంచనా చెప్పే యాప్‌లో అల ఎత్తు కన్నా ముందు రెండు అంకెలు చూడాలి. స్వెల్ (దూరం నుంచి నడిచొచ్చే అలల వరస) పీరియడ్, గాలి దిశ.

పీరియడ్ అంటే ఒక అల శిఖరానికీ తర్వాతి శిఖరానికీ మధ్య సెకన్లు. లోతైన నీటిలో అల పొడవు మీటర్లలో కావాలంటే పీరియడ్ వర్గాన్ని 1.56తో గుణించాలి. 7 సెకన్లయితే 76 మీటర్లు, 14 సెకన్లయితే 306. అల తన పొడవులో సగం లోతు దగ్గర నేలని తాకడం మొదలుపెడుతుంది. అంటే 7 సెకన్ల అల 38 మీటర్ల లోతులో, 14 సెకన్ల అల 150 మీటర్ల పైన లోతులోనే నేలని పసిగడుతుంది. అంత దూరం నుంచే వంగుతూ, కూడుకుంటూ వచ్చి రీఫ్ మీద ఒక్కసారిగా లేస్తుంది. యాప్‌లో రెండింటికీ "5 అడుగులు" అనే ఉంటుంది. ఒడ్డున మాత్రం ఒకటి ఛాతీ ఎత్తు నురుగు గందరగోళం, రెండోది తలపైన గోడ. ఎత్తు ఒకటే అయినా పీరియడ్ రెట్టింపయితే మోసుకొచ్చే శక్తి రెట్టింపు.

బార్బడోస్ తూర్పున ఏడాది పొడుగునా 7, 8 సెకన్ల అలలు ఉంటాయి, అవి అక్కడి వ్యాపార పవనాల పని. అసలు సరుకు రెండు చోట్ల నుంచి వస్తుంది. ఆగస్టు నుంచి అక్టోబర్ వరకు ఆఫ్రికా దగ్గర పుట్టి పడమరకి నడిచే తుఫానులు. నవంబర్ నుంచి మార్చి వరకు ఉత్తర అట్లాంటిక్ వాయుగుండాలు పంపే ఉత్తరపు స్వెల్. మీరు వెళ్ళేది రెండో కాలం మొదట్లో.

ఇక గాలి. ఒడ్డు తూర్పుకి తిరిగి ఉంది, గాలి కూడా తూర్పు నుంచే. అంటే చాలా రోజులు సముద్రం మీంచి ఒడ్డుకే కొడుతూ అల ముఖాన్ని చెడగొడుతుంది. తూర్పు గాలి 15 నాట్లు (గంటకి దాదాపు 28 కిలోమీటర్లు) దాటితే అనుభవం ఉన్నవాళ్ళకీ చిరాకే. గాలి పడిపోయినా, దక్షిణానికో పడమరకో తిరిగినా అల అద్దంలా నిలబడుతుంది. సెప్టెంబర్ నుంచి నవంబర్ వరకు వ్యాపార పవనాలు కాస్త నీరసిస్తాయి, అందుకే అక్కడి సర్ఫర్లకి ఆ మూడు నెలలు పండగ. నా పేరు అక్కడివాళ్ళకి తెలిస్తే గుడి కడతారు.

సంచీసర్దు
పీరియడ్ లెక్క బాగా అర్థమైంది గురువు గారూ. అయితే రీఫ్ అనుభవం లేని మనిషికి ఏ అంకె దగ్గర "వద్దు" అనాలి?

పడమటిగాలి
స్వెల్ 4 అడుగుల లోపు, పీరియడ్ 9 సెకన్ల లోపు, గాలి 10 నాట్ల లోపు ఉంటే, పార్లర్ అనే చోట పొద్దున్నే ప్రయత్నించొచ్చు. సూప్ బౌల్‌కి కాస్త దక్షిణంగా ఉంటుంది, అల కొంచెం మెత్తగా విరుగుతుంది, జనం తక్కువ. పీరియడ్ 11 దాటిందా, బోర్డు కారులోనే ఉంచి చూడండి. అలాంటి రోజు సూప్ బౌల్ చూడటానికే దిగే రోజు కన్నా బాగుంటుంది. కెల్లీ స్లేటర్ తనకి బాగా నచ్చిన అలల్లో లెక్కేసేది దీన్నే.

ఇవి నా అంకెలు, మీ ఊరి ధర్మకాటా కాదు. ఒడ్డున 20 నిమిషాలు నిలబడి చూడటమే అసలు తూకం. పెద్ద అలలు గుంపుగా వస్తాయి, రెండు గుంపుల మధ్య పది, పదిహేను నిమిషాల విరామం ఉండొచ్చు. ఆ విరామంలో ఒడ్డుకి చేరినవాడికి సముద్రం చెరువులా కనిపిస్తుంది.

రెజిన్‌డబ్బా
పార్లర్ కూడా రీఫే కదండీ. మొదటి రీఫ్ అల తూర్పు తీరంలో ఎందుకు? దక్షిణాన ఫ్రైట్స్ బే ఉంది, ఎడమకి నెమ్మదిగా సాగే పొడుగాటి అల, గట్టు అడ్డం వల్ల గాలి పోరు తక్కువ. ముందు అక్కడ ఒక పూట. నురుగులోనే లేవడం నేర్చుకునేవాళ్ళకయితే ఇంచ్ మార్లో దగ్గర సర్ఫర్స్ పాయింట్. ఆ తర్వాతే బాత్‌షీబా పేరెత్తాలి.

చెలియలికట్ట
రెజిన్ గారి మాటకే నా ఓటు. రీఫ్‌కి కావలసిన అలవాట్లు వేరు. ఇసుక మీద పడితే కాళ్ళు కింద పెట్టి నిలబడతారు. సూప్ బౌల్ అడుగంతా రాయి, రాయంతా సీ అర్చిన్లు, ముళ్ళ బంతుల్లాంటి సముద్ర జీవులు. కాలు పెట్టారా, ముళ్ళు విరిగి చర్మంలోనే ఉండిపోతాయి. కాబట్టి పడేటప్పుడు బల్లపరుపుగా, వీపు మీదో పక్కకో, అల వెనక వైపుకి పడాలి. తలకిందులుగా దూకకూడదు. నీటిలో ఉన్నంతసేపూ రెండు చేతులూ తల చుట్టూ. పైకి వచ్చేటప్పుడు ముందు చెయ్యి, తర్వాత తల, బోర్డు ఎక్కడుందో తెలియదు కాబట్టి. లోతు తక్కువైనా నిలబడకుండా బోర్డు మీద పొట్ట ఆన్చి చేతులతో తెడ్డేస్తూనే (ప్యాడిల్ చేస్తూనే) రావాలి.

సూప్ బౌల్ కుడి అల. సర్ఫర్ ఒడ్డు వైపు తిరిగితే అతనికి కుడిచేతి పక్కకి, అంటే ఉత్తరానికి విరుచుకుంటూ పోతుంది. ఒడ్డున నిలబడి చూసేవాళ్ళకి కుడి నుంచి ఎడమకి. అల మొదట విరిగే చోటికి దగ్గరున్న వాళ్ళదే ఆ అల, రెండో మనిషి లేవకూడదు. స్థానికులు ఎక్కడ దిగుతున్నారో, ఎక్కడ ఒడ్డుకి చేరుతున్నారో చూసి అదే దారి పట్టాలి. మీదైన కొత్త దారి కనిపెట్టే చోటు కాదది.

ఉప్పుగల్లు
పేరు మీద చిన్న పిడకల వేట. బాత్‌షీబా అంటే మన తెలుగు బైబిల్లో బత్షెబ, దావీదు భార్య. ఆమె పాలల్లో స్నానం చేసేదని కథ, తీరమంతా తెల్లటి నురుగు కాబట్టి ఆ పేరు పెట్టారని అక్కడ చెప్పుకుంటారు. సర్ఫర్ల భాషలో విరిగిన అల నురుగుని "సూప్" అంటారు. నురుగు నిండిన గిన్నె, సూప్ బౌల్. రెండు పేర్లూ చెప్పేది ఒక్కటే విషయం.

కొండదారి
దారి సంగతి. బ్రిడ్జ్‌టౌన్ నుంచి సుమారు 20 కిలోమీటర్లు, కారులో ముప్పావు గంట. దూరం చూసి అరగంట అనుకోకండి, రోడ్లు సన్నం, మలుపుల్లో చెరకు తోటలు అడ్డం. సెయింట్ జోసెఫ్ వైపు హార్స్ హిల్ దిగేటప్పుడు వాలు గట్టిగా ఉంటుంది, తక్కువ గేరులోనే దిగాలి. వాన పడ్డ మర్నాడు ఇంకా జాగ్రత్త. దీవిలో ఎక్కువ భాగం పగడపు సున్నపురాయి కప్పు కింద ఉంది కానీ, ఈ మూల, స్కాట్లాండ్ డిస్ట్రిక్ట్ అంటారు, ఆ కప్పు కొట్టుకుపోయి కింద మట్టి, ఇసుకరాయి బయటపడ్డాయి. అందుకే నేల జారుతుంది, రోడ్లు కుంగుతాయి.

తీరంలో పుట్టగొడుగుల్లా నిలబడ్డ పెద్ద బండలు ఆ పగడపు కప్పు నుంచి విడిపోయినవే. అడుగు భాగాన్ని అలలు అరగదీశాయి. ఎక్కొద్దు, కిందా కూర్చోవద్దు.

మన దగ్గరలాగే ఎడమ వైపు డ్రైవింగ్. సందర్శకుల పర్మిట్ విడిగా కావాలి, కారు అద్దెకిచ్చేవాళ్ళే ఇప్పిస్తారు. అద్దె కారు నంబరు హెచ్ అక్షరంతో మొదలవుతుంది, కాబట్టి మీరు కొత్తవాళ్ళని అందరికీ తెలుసు. సీట్ల మీద ఏదీ వదలకండి.

బస్సయితే ఫెయిర్‌చైల్డ్ స్ట్రీట్ స్టాండ్ నుంచి నీలం రంగు ప్రభుత్వ బస్సు బాత్‌షీబాకి వెళ్తుంది. గంట పడుతుంది. పొడుగు బోర్డుతో బస్సెక్కడం గురించి ఆలోచన వద్దు.

రెజిన్‌డబ్బా
ఇక బోర్డు. ఒక్క రోజు తూర్పు తీరానికైతే అద్దెకి తీసుకోండి. వారం పైన సర్ఫింగ్ అయితేనే మోసుకెళ్ళాలి. మోసుకెళ్తే ఫిన్లు (బోర్డు కింది రెక్కలు) విప్పి విడిగా, ముక్కుకీ తోకకీ అంచులకీ ఫోమ్ పైపులు (ఏసీ రాగి గొట్టాలకి తొడిగే నల్లవి చక్కగా సరిపోతాయి), ఆ పైన తువ్వాళ్ళు. విమానం కంపెనీ పొడవు పరిమితి ముందే చూడాలి, బరువు కన్నా పొడవు దగ్గరే ఇరుక్కుంటారు.

లీష్, అంటే బోర్డుని కాలికి కట్టే తాడు, బోర్డు పొడవంత ఉండాలి. 6 అడుగుల బోర్డుకి 6 అడుగులు, మందం 7 మిల్లీమీటర్లు. సన్నవి పోటీల వాళ్ళకి. కట్టుకునే ముందు రెండు చోట్ల చూడండి: తాడు చీలమండ పట్టీలో కలిసే చోట వేలితో వంచితే తెల్లటి గీత కనిపిస్తే అక్కడ తెగబోతోందని అర్థం. రెండోది బోర్డు తోకలో కట్టే చిన్న దారం. అది తోక అంచు దాటి బయటికి వేలాడితే, లాగినప్పుడల్లా రంపంలా ఫైబర్‌ని కోస్తుంది. చిన్నది కట్టాలి, లీష్ తాలూకు వెడల్పు పట్టీయే అంచుమీద ఆనాలి. నీళ్ళు 26 నుంచి 29 డిగ్రీలు, కాబట్టి పాదం జారకుండా బోర్డు మీద రుద్దే మైనం ట్రాపికల్ వ్యాక్స్ కావాలి. చల్లటి నీళ్ళది తీసుకెళ్తే నెయ్యిలా కారిపోతుంది.

రీఫ్ కొడితే పగులు ఖాయం. ఎండలో గట్టిపడే రెజిన్ ట్యూబు ఒకటి, 80, 220 నంబర్ల గరుకు కాగితం రెండు ముక్కలు సంచీలో ఉంటే చాలు. ముందు మంచినీళ్ళతో కడిగి, పగులు కిందికి ఉండేలా నిలబెట్టి నీడలో ఆరనివ్వాలి. తడి లోపలుండగా మూస్తే తర్వాత ఎండకి ఆవిరై పొర ఉబ్బుతుంది. ఇక్కడే తొందర పడతారు అందరూ. 80తో పగులు చుట్టూ రెండు వేళ్ళ వెడల్పు గీకి, నీడలోనే రెజిన్ పూసి, పైన పల్చటి ప్లాస్టిక్ కాగితం పరిచి వేలితో చదును చేసి, అప్పుడు ఎండలోకి తిప్పాలి. ఐదు నిమిషాలకి గోరు దిగదు. కాగితం ఒలిచి 220తో నున్న చెయ్యండి.

మరో సంగతి. బోర్డు ఎపాక్సీదైతే ట్యూబు మీద కూడా ఎపాక్సీ అనే ఉండాలి. పాలియెస్టర్ రెజిన్ ఆ లోపలి థర్మోకోల్‌ని తినేస్తుంది. అగ్గిపెట్టెంత పగులు బాగు చెయ్యబోతే గుప్పెడు గుంట మిగులుతుంది.

సంచీసర్దు
అద్దెకే తీసుకుంటాం, తీర్మానం అయిపోయింది! ఈత వచ్చిన మూడో మనిషి క్యాటిల్‌వాష్‌లో ఈదుతానంటున్నారు. మ్యాపులో పొడుగాటి ఇసుక తీరం, మనుషులే లేరు.

చెలియలికట్ట
మనుషులు ఎందుకు లేరో అడగమనండి.

క్యాటిల్‌వాష్ బాత్‌షీబాకి ఉత్తరాన. ఇసుక కనిపిస్తుంది కాబట్టి మెత్తటి తీరం అనిపిస్తుంది, కానీ అలలు తెచ్చిన నీళ్ళు వెనక్కి పోవడానికి ఇసుక దిబ్బల మధ్య కాలువలు తవ్వుకుంటాయి. రిప్ కరెంట్ అంటే అదే. మామూలుగా సెకనుకి అర మీటరు వేగం, ఉధృతంగా ఉంటే రెండు మీటర్ల పైనే, ఒలింపిక్ ఈతగాడు కూడా ఎదురీదలేడు. పట్టుకునే గుర్తు: రెండు పక్కలా తెల్లగా అలలు విరుగుతుంటే మధ్యలో ఒక పట్టీ నున్నగా, కాస్త ముదురు రంగులో ఉంటుంది. దాంట్లో నురుగు, నాచు సముద్రం వైపు వెళ్తుంటాయి. కొత్తవాళ్ళు "ఇక్కడ అలలు లేవు, ఇక్కడే దిగుదాం" అని సరిగ్గా ఆ పట్టీనే ఎంచుకుంటారు. విశాఖ ఆర్కే బీచ్‌లో జరిగే ప్రమాదాల్లోనూ చాలా భాగం ఇదే పొరపాటు.

చిక్కితే ఒడ్డు వైపు ఈదొద్దు. రిప్ కిందికి లాగదు, బయటికి మాత్రమే తీసుకెళ్తుంది. వెల్లకిలా తేలి ఊపిరి నిలబెట్టుకుని, చెయ్యి ఎత్తి ఊపాలి. లాగుడు తగ్గాక ఒడ్డుకి సమాంతరంగా, నురుగు కనిపించే వైపుకి ఈది, ఆ అలలతో పాటు వాలుగా రావాలి. ఒడ్డున ఉన్నవాళ్ళు వెంట దూకడం రెండో ప్రాణం పోగొట్టడమే. తేలే వస్తువు ఏదైనా విసరండి, ఖాళీ ఐదు లీటర్ల క్యాన్ మూత బిగించి విసిరినా పనికొస్తుంది. ఫోన్ నంబర్లు: పోలీసు 211, అగ్నిమాపక 311, అంబులెన్సు 511. కాపలా ఉంటుందనే నమ్మకంతో ఆ తీరానికి వెళ్ళకండి.

అక్కడ నడవడం హాయి. మోకాలి దాకా కూడా కాదు, చీలమండ దాకా.

కొండదారి
క్యాటిల్‌వాష్ పక్కన వెళ్ళే రోడ్డు పాత రైలు దారి వెంబడే వేశారు. బ్రిడ్జ్‌టౌన్ నుంచి బాత్‌షీబా మీదుగా వెళ్ళే ఆ రైలు 1937లో ఆగిపోయింది. సముద్రం గట్టుని కోస్తూనే ఉండేది, మరమ్మతులకి అంతుండేది కాదు. నడవడానికి ఇప్పటికీ బాగుంటుంది, ఎండ తప్ప. అక్షాంశం 13 డిగ్రీలు, అంటే ఇంచుమించు చెన్నై. గాలి చల్లగా తగలడం వల్ల కాలుతున్నట్టు తెలియదు, రాత్రికి తెలుస్తుంది.

పడమటిగాలి
సర్గాసం సంగతి ఎవరూ ఎత్తలేదు. 2011 నుంచి ఈ గోధుమరంగు నాచు అట్లాంటిక్ మీంచి దిబ్బలుగా కొట్టుకొస్తోంది, తూర్పు ఒడ్డే ముందు పట్టుకుంటుంది. వసంతం, వేసవి నెలల్లో ఎక్కువ, నవంబర్‌లో తగ్గుముఖం. కుళ్ళితే మురిగిన గుడ్ల వాసన, ఆ వాయువు హైడ్రోజన్ సల్ఫైడ్. ఉబ్బసం ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి. లీష్‌కి చుట్టుకుంటే ప్యాడిల్ చెయ్యడం బండి లాగినట్టే.

సంచీసర్దు
అర్చిన్ ముల్లు గుచ్చుకుంటే ఏం చెయ్యాలి?

చెలియలికట్ట
పైకి పొడుచుకొచ్చినవి ట్వీజర్‌తో నిటారుగా లాగాలి, పక్కకి వంచితే విరుగుతాయి. తర్వాత ఓర్చుకోగలిగినంత వేడి నీళ్ళలో, 45 డిగ్రీలు మించకుండా, అరగంట నుంచి గంటన్నర. వేడి ముందు ఇంకొకరి చెయ్యి పెట్టి చూడాలి, నొప్పిలో ఉన్నవాళ్ళకి కాలుతున్నట్టు తెలియదు. లోపలుండిపోయిన చిన్నవాటిని సూదితో కెలకొద్దు. కీలు దగ్గర దిగినా, మర్నాటికి ఎర్రగా వాచినా డాక్టరు దగ్గరకే. రీఫ్ గీతలైతే మంచినీళ్ళు, సబ్బుతో రుద్ది కడగాలి, మంట పుట్టినా సరే. పగడం పొడి లోపలుంటే అదే చీము పడుతుంది. ధనుర్వాతం ఇంజెక్షన్ బయల్దేరే ముందే.

ఉప్పుగల్లు
అదే అర్చిన్లలో తెల్లటి జాతిని బేజన్లు "సీ ఎగ్స్" అని ఇష్టంగా తింటారు. పట్టడానికి నిషేధ కాలం ఉంటుంది, మీరు ఏరొద్దు.

తిండి: సాల్ట్ బ్రెడ్‌లో రెండు చేప వడలు పెట్టి ఇచ్చేదాన్ని "బ్రెడ్ అండ్ టూ" అంటారు, పొద్దున్న ఆకలికి సరిపోతుంది. శాకాహారులకి మెకరోనీ పై, పనసకి దగ్గరి చుట్టమైన బ్రెడ్‌ఫ్రూట్, వేయించిన అరటి. రోటీ అని రాసి ఉంటే మన పుల్కా కాదు, కూర లోపల పెట్టి మడిచిన పొట్లం. బంగాళాదుంప, శనగలది అడగండి, శనగల్ని అక్కడ కూడా "చనా" అనే అంటారు. తూర్పున కొట్లు తక్కువ, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు వెంట ఉండాలి. మధ్యాహ్నం ఎండకి తట్టుకోలేకపోతే పక్కనే ఆండ్రోమెడా తోట, 1954లో మొదలైంది, నీడకి నీడ, చెట్లకి చెట్లు.

మిలిటరీ మచ్చల బట్టలు పెట్టెలోంచి తీసెయ్యండి. బార్బడోస్‌లో పౌరులు తొడగడం చట్టవిరుద్ధం, పిల్లల టోపీ అయినా.

సంచీసర్దు
ఆఖరి రెండు ప్రశ్నలు. ఫోటోలకి ఏ సమయం? ఒకవేళ కారు కుదరక బస్సులో వెళ్తే టికెట్ ఎలా?

పడమటిగాలి
పొద్దున్న సూర్యుడు సముద్రం మీంచి ఎదురుగా వస్తాడు, అల పారదర్శకంగా వెలుగుతుంది కానీ మనిషి నల్లటి నీడే. మధ్యాహ్నం మూడు దాటాక వెలుగు మీ వెనక నుంచి అల ముఖం మీద పడుతుంది. లెన్సు మీద ఉప్పు తుంపర ప్రతి పది నిమిషాలకీ తుడవాలి, ముందు మంచినీటి తడిగుడ్డ, తర్వాత పొడిగుడ్డ. పొడిగుడ్డతోనే మొదలుపెడితే ఉప్పు గీతలు పడతాయి.

కొండదారి
మనిషికి మూడున్నర బార్బడోస్ డాలర్లు, ఎంత దూరమైనా అంతే. రెండు బార్బడోస్ డాలర్లు ఒక అమెరికా డాలరు. ప్రభుత్వ బస్సులో చిల్లర తిరిగి ఇవ్వరు, సరిగ్గా లెక్కపెట్టి వెయ్యాలి. నలుగురికి రానూ పోనూ 28 బార్బడోస్ డాలర్లు. స్టాపు బోర్డు మీద "నగరానికి", "నగరం బయటికి" అని ఇంగ్లీషులో ఉంటుంది, తిరుగు బస్సుకి మొదటిది. చెయ్యి ఎత్తకపోతే ఆగదు. ఒక్కో టికెట్‌కి ఒక రెండు డాలర్ల నోటు, ఒక ఏడు మూలల డాలరు బిళ్ళ, రెండు పావలాలు విడిగా పెట్టుకోండి, తడిచేతులతో జేబులు వెతుక్కోనక్కర్లేదు.